చిన్న పత్రికలకి మేం పెట్టిన వరల్డ్ కప్పు

1998 జూలైలో ఫ్రాన్స్ కప్పు గెలిచిన మర్నాడు మా హాస్టల్ పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిదిల్లులా బోసిపోయింది. నెల రోజులపాటు అర్ధరాత్రి పన్నెండున్నర దాకా నిద్ర ఆపుకుని టీవీ గదిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నవాళ్ళం. జిదాన్ రెండు హెడర్లతో బ్రెజిల్‌ని ముంచేసిన ఆ రాత్రితో మాకు పనిలేకుండా పోయింది. నోటీసుబోర్డు మీద మా హాస్టల్ టీమ్ గోల్‌కీపర్ డ్రాయింగ్ షీటు మీద గీసిన నాకౌట్ చార్టు మాత్రం అలాగే ఉంది, పదహారు గళ్ళతో, ఎర్ర స్కెచ్ పెన్ను గీతలతో.

మా గదిలో నలుగురం. ముగ్గురికి సాహిత్యం పిచ్చి, నాలుగోవాడు ఆ గోల్‌కీపర్. రోజూ రాత్రి మా ముగ్గురికీ ఒకటే గొడవ. తెలుగులో వచ్చిన చిన్న సాహిత్య పత్రికల్లో ఏది గొప్పది అని. నేను సంవేదన అనేవాణ్ణి, పక్క మంచం వాడు సృజన అనేవాడు, కిటికీ దగ్గరవాడు మిసిమి అనేవాడు. అరిచేవాళ్ళం, అలిగేవాళ్ళం, లైట్లు ఆర్పేసి చీకట్లో కూడా వాదించుకునేవాళ్ళం. పాపం గోల్‌కీపర్ ఒక రాత్రి లేచి కూర్చుని, "నోటితో ఎందుకురా, ఆడించండి. ఎవడు గెలిస్తే వాడు గొప్ప. నేను చార్టు గీస్తా" అన్నాడు. మర్నాడు పొద్దున్న నిజంగానే గీసేశాడు. పాత చార్టు వెనక్కి తిప్పి, అవే పదహారు గళ్ళు.

పత్రికలు ఎలా ఆడతాయి? ఆ ఒక్క ప్రశ్న మీద రెండు రోజులు కూర్చున్నాం. చివరికి తేలిందేమిటంటే, ప్రతి పత్రికకీ ఒక కెప్టెన్ ఉంటాడు, మ్యాచ్‌కి ఒక సంచిక తెచ్చుకుంటాడు, మూడు రౌండ్లు చదువుతాడు. మొదటిది వచనం, రెండోది కవిత, మూడోది కెప్టెన్ ఇష్టం. రౌండ్‌కి ఐదు నిమిషాలు. విన్నవాళ్ళు చేతులెత్తుతారు, ఎక్కువ చేతులు వచ్చినవాడికి ఒక గోలు. ఒకసారి చదివింది మళ్ళీ టోర్నమెంట్‌లో చదవకూడదు. సంపాదకుడు ఎంత గొప్పవాడో చెప్పి ఓట్లు అడిగితే ఫౌల్, ఆ రౌండ్ పోయినట్టే. అన్నిటికన్నా పెద్ద రూలు గోల్‌కీపర్ పెట్టాడు: సంచిక చేతిలో ఉండాలి. చేతిలో లేని పత్రిక గురించి మాట్లాడితే అది ఆట కాదు, కబుర్లు అన్నాడు. వాడు అప్పటిదాకా ఒక్క సాహిత్య పత్రికా తెరిచి చూడలేదు, కానీ ఆట అంటే ఏమిటో మా అందరికన్నా వాడికే తెలుసు.

సమానం అయితే గోల్డెన్ గోల్. ఆ వరల్డ్ కప్పులోనే పరాగ్వే మీద బ్లాంక్ కొట్టిన గోలు మా కళ్ళ ముందు ఇంకా ఉంది, వరల్డ్ కప్పు చరిత్రలో మొదటి గోల్డెన్ గోల్ అది. మా గోల్డెన్ గోల్ ఎలాగంటే, ఇద్దరు కెప్టెన్లూ మార్చి మార్చి ఒక్కో పేరా చదువుతారు, జనంలోంచి ఎవరు ముందు "మళ్ళీ చదువు" అంటే వాడు గెలిచినట్టు.

ఇక పత్రికలు పోగెయ్యాలి. లైబ్రరీలో పాత పత్రికల గది ఒకటి ఉండేది, ఎవరెవరో ఇచ్చిన సంపుటాలు బైండు చేసి పెట్టినవి, ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. లైబ్రేరియన్ మేడమ్ దగ్గరికి భయం భయంగా వెళ్ళి విషయం చెప్పాం. ఆవిడ నవ్వలేదు. చార్టు చూపించమన్నారు. చూసి, భారతిని ఎందుకు పెట్టలేదు అని అడిగారు. భారతి చిన్న పత్రిక కాదు మేడమ్, 1924 నుంచి 1991 దాకా నడిచింది, వెనక ఆంధ్రపత్రిక ఉంది, దాన్ని పెడితే మిగతావాళ్ళకి అన్యాయం అని మా సృజన కెప్టెన్ చెప్పాడు. "అయితే భారతిని అంపైర్ చేయండి" అన్నారావిడ. అలా ప్రతి మ్యాచ్‌కీ బల్ల మీద ఒక భారతి సంపుటం ఉండేది, దాని మీద చెయ్యి పెట్టి కెప్టెన్లు టాస్ వేసేవాళ్ళు.

ఆవిడ మాకు పేజీ తిప్పడం నేర్పారు. నాకు బాగా గుర్తున్నది అదే. పాత న్యూస్‌ప్రింట్ అంచుల్లో ముదురు గోధుమ రంగుకి తిరిగి, లోపలికి వెళ్ళేకొద్దీ పలచబడుతుంది. మూల పట్టుకుని లాగితే ఆ మూల చేతికే వచ్చేస్తుంది. అందుకని ఒక పోస్టుకార్డు తీసుకుని పేజీ కిందకి మెల్లగా జరిపి, కార్డుతో సహా ఎత్తి అవతలికి వాల్చాలి. "వేలితో కాదు, కార్డుతో" అని ఆవిడ పక్కన నిలబడి నాలుగైదుసార్లు చేయించారు. పేజీ వాలుతున్నప్పుడు వెనకవైపు దీపం పడితే అక్షరాలు ఉబ్బి కనిపించేవి, లెటర్‌ప్రెస్ అచ్చు కాగితంలోకి దిగబడిన గుర్తులు. వేలి కొసతో తడిమితే తెలిసేవి. ఒక్కోచోట ఒత్తు జారి కింది వరుసలో పడేది, ఎవరో కంపోజిటర్ రాత్రిపూట నిద్రమత్తులో పేర్చాడేమో అనుకునేవాళ్ళం. ఆఫ్‌సెట్‌లో వచ్చిన పత్రికలు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ స్పర్శ ఉండదు, ఈ మాట నేను ఇప్పటికీ వాదించగలను.

పదహారు గళ్ళకి మాకు దొరికినవి పదకొండే పత్రికలు. పదకొండోది మా హాస్టల్ లిఖిత పత్రిక. ఒక జూనియర్ కుర్రాడు నెలకోసారి వైట్ పేపర్ల మీద తన చేత్తో రాసి, దారంతో కుట్టి, గది గదికీ తిప్పేవాడు. ఒకటే కాపీ. చదివినవాళ్ళు చివరి పేజీలో సంతకం పెట్టాలి. దాన్ని సృజన, సంవేదనల పక్కన పెట్టడమేమిటని మాలో ఒకడు అభ్యంతరం చెప్పాడు. గోల్‌కీపర్ ఒప్పుకోలేదు. సంచిక చేతిలో ఉందా లేదా, ఉంది, అయిపోయింది అన్నాడు. ఇంకొకడు దిగంబర కవుల సంపుటాలు తెచ్చాడు, 1965లో మొదటిది రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసినవాళ్ళని పక్కన పెడతారా అని. అవి మూడు సంపుటాలే, పత్రిక కాదు అని తేల్చాం. వాడు వారం రోజులు మాతో మాట్లాడలేదు.

చీటీలు రాసి ఖాళీ బకెట్లో వేసి తీశాం. ఐదింటికి బై వచ్చింది, అంటే ఆడకుండానే క్వార్టర్స్‌కి. మొదటి రౌండ్‌లో మూడే మ్యాచ్‌లు, అందులో మొదటి చీటీలే అరుణతార, ప్రజాసాహితి. గదిలో ఒక్కసారి "ఓహో" అని కేక. రెండూ 1977లో కొన్ని నెలల తేడాతో పుట్టినవి, ఒకటి విప్లవ రచయితల సంఘం విరసానిది, ఇంకొకటి జనసాహితి అనే మరో సాహిత్య సంస్థది, రెండూ అప్పటికీ వస్తున్నవి. ఆ మ్యాచ్‌కి తొమ్మిదిమందే వచ్చారు గానీ అరుపులకి వార్డెన్ గారు పైకి వచ్చారు. కెప్టెన్లిద్దరూ గొంతు పోయేలా చదివారు. గోల్డెన్ గోల్ దాకా వెళ్ళి ప్రజాసాహితి గెలిచింది. ఓడినవాడు గెలిచినవాడి భుజం మీద చెయ్యేసి రాత్రి రెండింటి దాకా రాజకీయాలు మాట్లాడుకుంటూ వరండాలో తిరిగారు.

రెండో మ్యాచ్ భూమిక, సృజన. ఇది చెప్పాలంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. భూమిక అప్పటికి ఐదేళ్ళ పత్రిక, 1993లో మొదలైంది, కొండవీటి సత్యవతి గారి సంపాదకత్వంలో. దాన్ని చదవడానికి ముందుకొచ్చిన కెప్టెన్ బాగానే చదివాడు. గది నిండా మగపిల్లలం, స్త్రీల పత్రిక అనగానే సగంమంది వినడమే మానేశారు, వెనక ఎవరో పేకముక్కలు కలుపుతున్న చప్పుడు. ఒక్క చెయ్యి తేడాతో ఓడిపోయింది. ఆ మ్యాచ్ సరిగ్గా ఆడించలేదని నాకు ఆ రాత్రే అనిపించింది, గోల్‌కీపర్‌కి కూడా. తర్వాత రూలు మార్చాం. చదువుతున్నంతసేపూ నోరు మెదిపినవాడికి ఓటు లేదు. కానీ అప్పటికే చార్టులో గీత పడిపోయింది.

లిఖిత పత్రిక తెనాలి జ్యోతి మీద గెలిచింది. అవును, ఆలపాటి రవీంద్రనాథ్ గారి జ్యోతి మీద. మిసిమిని కూడా ఆయనే 1990లో మొదలుపెట్టారు. అందుకని మా మిసిమి కెప్టెన్ జ్యోతికి కూడా తనే చదువుతానన్నాడు. చదివాడు, ఓడిపోయాడు. జూనియర్ కుర్రాడి గొంతు చిన్నది, తలెత్తకుండా చదివేవాడు. కానీ మూడో రౌండ్‌లో వాడు చదివింది మెస్‌లో గిన్నెలు తోమే ముసలాయన చెప్పిన నాలుగు సంగతులు, ఆయన మాటల్లోనే రాసినవి. అందరం రోజూ చూసే మనిషి. ఎవరికీ ఆయన ఊరు కూడా తెలియదు. చేతులన్నీ లేచాయి.

క్వార్టర్ ఫైనల్‌లో అసలు చిక్కు వచ్చింది. మిసిమికి ఎదురు ఉదయిని. ఉదయిని పేరు చీటీ మీద రాసింది నేనే. 1930ల్లో కొంపెల్ల జనార్దనరావు నడిపిన పత్రిక అది, శ్రీశ్రీ మహాప్రస్థానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. లైబ్రరీ జాబితాలో ఉదయిని పేరు ఉంది. ఉందిగదా అని ధీమాగా రాసేశాను. తీరా మేడమ్, మేమూ కలిసి ఆ గదంతా వెతికితే సంచిక లేదు. అట్ట ముక్క కూడా లేదు. జాబితాలో పేరూ, నంబరూ, అరలో రెండు సంపుటాల మధ్య వేలెడు ఖాళీ.

సంచిక చేతిలో లేదు కాబట్టి మిసిమికి వాకోవర్. రూలు రూలే. గోల్‌కీపర్ స్కెచ్ పెన్ను తీశాడు. మిసిమి కెప్టెన్ లేచి, "నేను తీసుకోను" అన్నాడు. ఆడకుండా గెలిస్తే అది గెలుపు కాదన్నాడు. పోనీ ఇద్దర్నీ తీసేద్దామా అంటే దానికీ ఒప్పుకోలేదు. చివరికి వాడే మహాప్రస్థానం తెచ్చి, కొంపెల్ల మీద శ్రీశ్రీ రాసిన ఆ కవిత నిలబడి చదివాడు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఆ కవిత కంఠతా వచ్చు, అయినా ఎవరూ గొంతు కలపలేదు. చదవడం అయ్యాక ఓట్లు అడగలేదు. చార్టులో ఆ గడి ఖాళీగా వదిలేశాం. గోల్‌కీపర్ స్కెచ్ పెన్ను మూత పెట్టేశాడు, అంతే, వాడు తన రూలు తనే సడలించడం ఆ ఒక్కసారే చూశాను.

దానివల్ల సెమీస్‌లో సృజనకి ఎదురు ఎవరూ లేరు, నేరుగా ఫైనల్‌కి వెళ్ళింది. నేను గట్టిగా గొడవ చేశాను. ఎందుకంటే నా పరిస్థితి అలాంటిది. సృజన 1966 నుంచి 1992 దాకా వచ్చిన పత్రిక, లైబ్రరీలో అర నిండా ఉంది, వాడు ప్రతి మ్యాచ్‌కీ కొత్త సంచిక, కొత్త ఆటగాళ్ళు. నా సంవేదన 1968లో కడప నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి (రా.రా.) గారు మొదలుపెట్టింది, కొద్ది సంచికలతోనే ఆగిపోయింది, అందులో మా లైబ్రరీలో ఉన్నవి రెండు. ఆ రెండింటితోనే మొత్తం టోర్నమెంట్ ఆడాలి. చదివింది మళ్ళీ చదవకూడదు. బెంచి మీద మనిషి లేని టీమ్ నాది.

కానీ ఆ రెండు సంచికల్లో ఏముందని! రా.రా. విమర్శ గట్టిగా చదివితే ఎలా ఉంటుందో ఒకసారి చదివి చూడాలి. మెత్తగా మొదలవుతుంది. రచయిత చెప్పదలచుకున్నదేమిటో రచయితకన్నా స్పష్టంగా చెబుతాడు. తర్వాత, చెప్పదలచుకున్నది చెప్పాడా లేదా అని ఒక్కో వాక్యం పట్టుకుని అడుగుతాడు. ఎక్కడా అరవడు. చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. క్వార్టర్స్‌లో నా ఎదురు లిఖిత పత్రిక. మొదటి రౌండ్‌లోనే నేనొక విమర్శ చదివాను, ఐదు నిమిషాలు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరోటి లేదు. మూడు సున్నాతో గెలిచాను. జూనియర్ కుర్రాడు తన పత్రిక మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బాధపడ్డాడేమో అనుకున్నాను. పదకొండింటికి తలుపు కొట్టాడు. "అన్నా, ఆ పుస్తకం ఈ రాత్రికి ఇస్తావా" అన్నాడు. లైబ్రరీది రా, జాగ్రత్త, అని పోస్టుకార్డుతో సహా ఇచ్చాను. పొద్దున్న తెచ్చి ఇచ్చాడు, కళ్ళు ఎర్రగా. ఆ విమర్శ మొత్తం నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు, ఇరవై పేజీలు పైనే.

సెమీస్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, ప్రజాసాహితి మీద కష్టం మీద నెగ్గాను. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి ప్రబుద్ధాంధ్రనీ, గోరాశాస్త్రి గారు సంపాదకులుగా ఉన్న తెలుగు స్వతంత్రనీ క్వార్టర్స్‌లోనే పోగొట్టుకున్నందుకు మాత్రం మా అందరికీ బెంగగానే ఉండేది.

ఫైనల్ నాటికి జనం గదిలో పట్టలేదు, టీవీ గదికి మార్చాం. మేడమ్ వచ్చారు, రిఫరీగా. మొదటి రౌండ్ నాది, రెండోది సృజనది, మూడోది సమానం. గోల్డెన్ గోల్. వాడొక పేరా, నేనొక పేరా. నాలుగు పేరాలయ్యేసరికి నా దగ్గర అయిపోయింది. రెండు సంచికలూ అట్ట నుంచి అట్ట దాకా వాడేశాను. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. మిగిలింది ఇంప్రింట్ ఒక్కటే, సంపాదకుడి పేరూ, ప్రెస్ పేరూ, చిరునామా ఉండే ఆ చిన్న అక్షరాల ముక్క. అదే చదివాను. సంపాదకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి, కడప, అంటూ, కవిత చదివినంత నెమ్మదిగా. ఎవరూ నవ్వలేదు.

సృజన కెప్టెన్ దగ్గర ఇంకా బోలెడుంది. ఒక మంచి కవిత తీసి కొట్టేయొచ్చు. వాడు పేజీలు తిప్పి, తనూ ఇంప్రింటే చదివాడు. అందులో సంపాదకురాలిగా హేమలత గారి పేరు. వెనకనుంచి ఎవరో "మళ్ళీ చదువు" అన్నారు. చదివాడు. మ్యాచ్ అయిపోయింది. అప్పుడు మేడమ్ చెప్పారు, సృజన నడిపిన కవి వరవరరావు గారు జైల్లో ఉన్న కాలంలో కూడా పత్రిక ఆయన భార్య హేమలత గారి పేరు మీద వచ్చిందని. నేను ఓడిపోయినందుకు ఆ క్షణంలో నాకు ఏమీ అనిపించలేదు. నేనూ మనసులో "మళ్ళీ చదువు" అనే అనుకున్నాను.

ప్రైజు ముందే అనుకున్నాం. అందరం తలాకొంత వేసుకుని గెలిచిన పత్రికకి ఏడాది చందా కట్టాలని. తీరా గెలిచింది ఆరేళ్ళ కిందట ఆగిపోయిన పత్రిక. మనియార్డరు ఫారం ముందు పెట్టుకుని అడ్రసు దగ్గర ఆగిపోయాం. సృజన కెప్టెనే పెన్ను తీసుకుని భూమిక అడ్రసు రాశాడు. "ఆ మ్యాచ్‌లో మనం వినలేదు కదరా" అన్నాడు. కూపన్ మీద ఏం రాయాలో తెలియక, హాస్టల్ గది నంబరు రాసి, చందా అని మాత్రం రాశాం. కొన్నాళ్ళకి బుక్‌పోస్టులో సంచిక వచ్చింది, చుట్టూ కాగితం పట్టీ, దాని మీద మా గది నంబరు ఇంకెవరి చేతిరాతలోనో. పట్టీ చింపకుండా జార్చి తీసి, చార్టు పక్కన నోటీసుబోర్డుకి గుచ్చాం. సంచిక గది గదికీ తిరిగింది, లిఖిత పత్రికలాగే చివరి పేజీలో సంతకాలతో. పేకముక్కలు కలిపినవాడి సంతకం కూడా ఉంది.

ఆగస్టులో లిఖిత పత్రిక కొత్త సంచిక వచ్చింది. అందులో మొదటిసారి ఒక విమర్శ ఉంది. నా కథ మీద. కాలేజీ మ్యాగజైన్‌లో పడిన కథ అది, అందరూ బావుందన్నది, నేను కూడా చాలా బావుందనుకున్నది. కుర్రాడు మెత్తగా మొదలుపెట్టాడు. నేను చెప్పదలచుకున్నదేమిటో నాకన్నా స్పష్టంగా చెప్పాడు. తర్వాత ఒక్కో వాక్యం పట్టుకుని అడిగాడు. ఆ సంచిక ఒకటే కాపీ, ఇప్పుడు ఎక్కడుందో, ఉందో లేదో. కానీ అందులో ఒక వాక్యం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఈ కథలో వాన మూడుసార్లు పడింది, ఒక్కసారి కూడా ఎవరూ తడవలేదు."

చివరి పేజీలో సంతకం పెట్టి, పక్క గదికి ఇచ్చి వచ్చి, ఆ రాత్రే కథ మళ్ళీ మొదటినుంచి రాశాను. ఈసారి వాన ఒక్కసారే పడింది.